'ఆ మూల సౌధంబు': ఏ మూల?

బ్రాడీపేట: నిన్న మావాడితో కొండపల్లి కోట ఎక్కాను. కప్పులేని గదుల మధ్య నిలబడితే పోతన గజేంద్రమోక్షంలోని 'అల వైకుంఠపురంబులో' పద్యం నోటికొచ్చింది. 'నగరిలో నా మూల సౌధంబు దాపల' దాకా వచ్చేసరికి 'ఏ మూల నాన్నా?' అన్నాడు. మూలనున్న మేడా, ముఖ్యమైన మేడా?

పటమట: ముఖ్యమైనదే. మూలధనం, మూలవిరాట్టు అనమూ? స్వామిని తీసుకెళ్లి మూల కూర్చోబెడతామా!

తెనాలి: నైరుతి మూల యజమానిదే కదండీ.

పటమట: వైకుంఠానికీ వాస్తేనా మాస్టారూ!

మంగళగిరి: మూల సంగతి తర్వాత. ఈ పద్యం మత్తేభం. అందులో 14వ అక్షరం యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాలి. మొదటి మాట 'అల'కి కుదరాలని 'నగరిలోన్ + ఆ'. యతి కోసం పడ్డ 'ఆ'ని పట్టుకుని మీరంతా వేలు చూపిస్తున్నారు.

పటమట: పోతన యతి కోసం అక్షరం అతికించాడంటే ఊరుకోను.

కొత్తపేట: అసలు సౌధం సంగతి చూడండి. సుధ అంటే సున్నం, సున్నం పూసింది సౌధం. చంద్రగిరి రాజమహల్ మూడంతస్తులూ కలప లేకుండా రాయి, ఇటుక, సున్నంతో లేపారు. మా ఊరి పాత మండపం బీటలిస్తే ఎవరో సిమెంటు మెత్తారు. సున్నం తడిని బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే బిగబడుతుంది. రెండు వానాకాలాలకే పాత ఇటుకలు పొడిపొడిగా రాలాయి. గానుగ సున్నంలో కరక్కాయ, బెల్లం నీళ్లు కలిపే మేస్త్రి కోసం ఆగలేకపోయారు. సిమెంటు పూశాక దాన్ని సౌధం అనొచ్చా అని నా అనుమానం.

మంగళగిరి: సుధంటే అమృతం కూడా. రెండో పాదంలోనే 'అమృతసరః' ఉంది! ఊరికే వేశాడా ఆ మాట?

తెనాలి: గొడవంతా 'దాపల' దగ్గరండీ. మా తాత అరక కట్టేటప్పుడు దాపటెద్దు, వలపటెద్దు అనేవాడు. దాపల అంటే ఎడమ. మేడకి ఎడమన మందారవనం.

పటమట: ఎవరి ఎడమ? మేడదా, చూసేవాడిదా? దాపు అంటే చేరువ. ఇక్కడ అదే హాయి.

కొత్తపేట: మన కొండవీటి శ్రీనాథుడు ఎన్ని మేడలు చూశాడో! చివరికి శిక్షపడి నడివీధి ఎండలో మెడకి బొండ: 'పురవీథి నెదురెండ పొగడదండ'. అరక పట్టాడని చెప్పుకునే పోతన వైకుంఠానికి ప్లాన్ గీశాడు.

మంగళగిరి: ఒక్క చాటుపద్యంతో శ్రీనాథుణ్ణి కొలవకండి. ఆ పద్యంలో 'కవిరాజు' అన్న పొగరు చూడండి, అంత కష్టంలోనూ!

తెనాలి: అరక పట్టినవాడే అయితే దాపల అంటే ఎడమే. మీరే ఒప్పుకున్నారు.

బ్రాడీపేట: మావాడు మళ్లీ అడుగుతున్నాడు. ఏ మూలని చెప్పమంటారు?

తెనాలి: నైరుతి.