రాగ్లాన్ ప్రభువు ఫొటో: యుద్ధానికి సాక్ష్యమా, సేనానికి సమర్థనా?

గాజుపలక:

రష్యా మీద బ్రిటన్, ఫ్రాన్స్, తుర్కీ కలిసి చేసిన క్రిమియా యుద్ధం గురించి తెలుగులో ఒక వ్యాసం సిద్ధం చేస్తూ, బ్రిటిష్ సేనాధిపతి రాగ్లాన్ ప్రభువు ఉన్న ఒక ఫొటోను మొదట్లోనే పెట్టాలనుకున్నాను. 1855లో రష్యన్ల రేవు నగరం సెవాస్తోపోల్ ముట్టడి జరుగుతుండగా రోజర్ ఫెంటన్ తీసిన ఆ ఫొటోలో రాగ్లాన్, తుర్కీ సేనాని ఒమర్ పాషా, ఫ్రెంచి సేనాని పెలిస్సియే ఒక చిన్న బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. "మామెలాన్ మీద విజయవంతమైన దాడి జరిగిన రోజు ఉదయం రాగ్లాన్ ప్రధాన స్థావరంలో జరిగిన యుద్ధ మంతనం" అన్న అర్థం వచ్చే శీర్షికతో అది ప్రచారంలోకి వచ్చింది (మామెలాన్ అంటే సెవాస్తోపోల్ ముందు రష్యన్లు పటిష్ఠం చేసుకున్న ఒక దిబ్బ). నా చిత్తుప్రతి చదివిన మిత్రుడొకరు, ఈ ఫొటో వేలమంది సైనికులను పోగొట్టుకున్న సేనానికి వేసిన పూలదండ అనీ, దీన్ని వ్యాసానికి ముఖచిత్రంగా వాడకూడదనీ గట్టిగా అన్నారు. ఆయన మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను, అలాగని కొట్టిపారేయడానికీ మనసొప్పడం లేదు. మీరేమంటారు?

తూర్పుకోట:

మీ మిత్రుడి పక్షమే నాది. 1854 నవంబరు 14న వచ్చిన తుఫానులో 'ప్రిన్స్' అనే ఓడ చలిబట్టలతో సహా మునిగిపోవడం రాగ్లాన్ తప్పు కాదు. కానీ బాలక్లావా రేవుకు చేరిన సరుకు కూడా కొండ మీది శిబిరానికి అందక, ఆ కొద్ది మైళ్ల బురద దారిలోనే నిలిచిపోయిందంటే, సైనికులు ఆకలితో, చలితో, విరేచనాలతో రాలిపోయారంటే, దానికి సేనాధిపతి కాక మరెవరు జవాబు చెప్పాలి? విలియం హోవర్డ్ రసెల్ 'టైమ్స్' పత్రికకు పంపిన కథనాలు చదివి ఇంగ్లండు ప్రజలు మండిపడ్డారు. యుద్ధ నిర్వహణ మీద విచారణ జరపాలని పార్లమెంటు సభ్యుడు రోబక్ పెట్టిన తీర్మానం 1855 జనవరిలో 305–148 ఓట్లతో నెగ్గి, ప్రధాని అబర్డీన్ ప్రభుత్వాన్నే కూల్చివేసింది.

ఫెంటన్ మార్చిలో బాలక్లావాలో దిగాడు. అప్పటికి ఆ ఘోరమైన చలికాలం గడిచిపోయింది. రాజకుటుంబపు ఆదరణ, పరిచయ లేఖలు వెంట ఉన్న మనిషి కాబట్టి అధికారుల గుడారాలన్నీ అతనికి తెరుచుకున్నాయి. మూడు వందలకు పైగా ఫొటోలు తీశాడు, ఒక్కదానిలోనూ శవం కనబడదు. అందులో మధ్యస్థానం ఈ బల్లకు, ఈ ముగ్గురికి దక్కింది. చూసేవాడికి ఏమనిపిస్తుంది? ఇంత ప్రశాంతంగా కూర్చుని ఆలోచించే పెద్దమనిషి చేతుల్లో సైన్యం భద్రంగానే ఉండి ఉంటుందనిపిస్తుంది.

నీడగది:

తూర్పుకోట గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. ఫొటో తీసే పని ఎలాంటిదో తెలిసినవాడిగా ఒక్క విషయం చెప్పాలి. గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, అంచుల దాకా సమంగా పరుచుకునేలా వంచి, వెండి లవణం ద్రావణంలో ముంచి, అది తడిగా ఉండగానే కెమెరాలో పెట్టి, తడి ఆరకముందే మళ్లీ చీకటిగదికి తెచ్చి కడగాలి. ఈ మొత్తం పని కొద్ది నిమిషాల్లో ముగియాలి. ఫెంటన్‌కు చీకటిగది అంటే, పూర్వం ఒక సారా వ్యాపారి వాడిన బండి. ఎండ ముదిరితే ఆ బండి లోపల పొయ్యి మీద కూర్చున్నట్టే ఉండేది, పలక మీద పోసిన ద్రవం పరుచుకోకముందే ఆరిపోయేది. అందుకే పని తెల్లవారుజామునే ముగించుకోవలసి వచ్చేది. కెమెరా ముందున్నవారు కొన్ని సెకన్ల పాటు కదలకుండా ఉండాలి. పరుగెత్తే గుర్రం గాని, పేలే ఫిరంగి గాని, పడిపోతున్న మనిషి గాని ఆ పలక మీదికి ఎక్కవు. కూర్చున్న సేనానులు ఎక్కుతారు.

పైగా అతన్ని పంపించింది ప్రభుత్వం కాదు, మాంచెస్టరుకు చెందిన ఆగ్న్యూ అనే చిత్రాల వ్యాపార సంస్థ. థామస్ బార్కర్ అనే చిత్రకారుడు మిత్రరాజ్యాల సేనానులందరితో ఒక పెద్ద తైలవర్ణ చిత్రం వేయడానికి వాళ్లకు ముఖాల నమూనాలు కావాలి. సేనానుల ఫొటోలు అన్ని ఉండడానికి అసలు కారణం అది.

శవాలు లేవన్నది నిజమే. కానీ కెప్టెన్ బాల్గోనీ ప్రభువు ఫొటో ఒకసారి చూడండి. ఆ యువకుడి కళ్లు ఎక్కడా నిలవవు, బట్టలు నలిగి ఒంటి మీద వేలాడుతుంటాయి. యుద్ధం మనిషిని ఏం చేస్తుందో ఆ ముఖం చెబుతుంది. ఫెంటన్ నిజాన్ని దాచాలని బయలుదేరినవాడైతే దాన్ని అమ్మకానికి పెట్టేవాడా?

గాజుపలక:

ఇద్దరి మాటలూ చదివాక ఆ శీర్షికను మళ్లీ చూశాను. ఇన్నాళ్లూ నా కళ్లెదుటే ఉన్నా పట్టించుకోని సంగతి ఒకటి అందులో ఉంది. "విజయవంతమైన దాడి జరిగిన రోజు ఉదయం" అంటోంది కదా. మామెలాన్ మీద ఫ్రెంచివారు, రష్యన్లు పట్టుకుని ఉన్న క్వారీల (రాతి గనుల) మీద బ్రిటిష్‌వారు దాడి చేసినది 1855 జూన్ 7 సాయంత్రం. ఉదయం ఆ బల్ల దగ్గర కూర్చున్న ముగ్గురిలో ఎవరికీ అది విజయవంతమవుతుందని తెలియదు. "విజయవంతమైన" అన్న విశేషణం ఫొటో తీశాక చేరింది. ఆ ఒక్క మాటతో మన చూపు మారిపోతుంది. ఏమవుతుందో తెలియని ముగ్గురు మనుషులు, అన్నీ ముందే ఎరిగిన ముగ్గురు సేనానులుగా కనిపించడం మొదలుపెడతారు. నేను ఇప్పుడు నమ్ముతున్నది ఇదే: ఫెంటన్ కటకం రాగ్లాన్‌ను సమర్థించలేదు, ఆ పని శీర్షిక చేసింది.

శీర్షిక దాచిన మిగతా లెక్క కూడా చూడండి. ఆ తర్వాత పదకొండు రోజులకు, జూన్ 18న, వాటర్లూ యుద్ధానికి సరిగ్గా నలభై ఏళ్లు నిండిన రోజున, రష్యన్ల కోటబురుజులైన మలకాఫ్ మీద ఫ్రెంచివారు, రెడాన్ మీద బ్రిటిష్‌వారు చేసిన దాడులు రెండూ భారీ నష్టంతో విఫలమయ్యాయి. రాగ్లాన్ తన కుడిచేయి పోగొట్టుకున్నది ఆ వాటర్లూలోనే. జూన్ 28న ఆయన శిబిరంలోనే జబ్బుపడి కన్నుమూశారు. అంటే ఈ ఫొటో ఆయన చివరి మూడు వారాల గడపలో తీసినది. సెప్టెంబరులో లండన్‌లో ఫెంటన్ ఫొటోల ప్రదర్శన మొదలయ్యేనాటికి సెవాస్తోపోల్ పడిపోయింది, రాగ్లాన్ కీర్తిశేషుడయ్యారు. "విఫలమైన దాడికి పదకొండు రోజుల ముందు" అన్నా ఆ ఫొటోకు అబద్ధం కాదు. కానీ అలాంటి శీర్షికతో ఎవరూ అమ్మలేదు.

తూర్పుకోట:

శీర్షిక సంగతి నాకూ తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా తప్పంతా శీర్షిక మీదికి నెట్టేస్తే నేను ఊరుకోను. అదే యుద్ధాన్ని విలియం సింప్సన్ కుంచెతో పట్టుకున్నాడు. బాలక్లావాలో రోగులను ఓడలెక్కిస్తున్న దృశ్యం అతని చిత్రాల్లో ఉంది: మోసుకొచ్చినవాళ్లు, వాలిపోయినవాళ్లు, రేవు నిండా పడవలు. రోగి కదలడు, ఓడ కదలకుండా నిలిచే ఉంటుంది. నీడగది గారు చెప్పిన సెకన్ల లెక్కలో ఆ దృశ్యం ఫొటోకు కూడా అందేదే. కాబట్టి ఎంపిక ఫెంటన్‌దే.

సింప్సన్ కూడా పూర్తిగా స్వేచ్ఛగా గీశాడని కాదు. అశ్విక దళం దాడి చిత్రంలో తాను ముందు వరుసలో స్పష్టంగా కనబడేదాకా, ఆ దాడిని నడిపిన కార్డిగన్ ప్రభువు మెచ్చుకోలేదని అతనే చెప్పుకున్నాడు. సేనానుల చూపు కుంచె మీదా ఉంది, కెమెరా మీదా ఉంది.

దక్కన్‌బాట:

ఆలస్యంగా వచ్చాను, మన దేశానికి సంబంధించిన సంగతి ఒక్కటి చేరుస్తాను. సెవాస్తోపోల్ పడిపోయాక ఆ శిథిలాలను ఫొటో తీసిన రాబర్ట్‌సన్‌కు తోడుగా ఉన్న ఫెలిచే బియాతో 1858లో లక్నో చేరాడు. సికందర్ బాగ్ ముంగిట తెల్లగా చెదిరిన ఎముకల ఫొటో అతనిదే. అక్కడ సిపాయిలు చనిపోయింది 1857 నవంబరులో, కోలిన్ క్యాంప్‌బెల్ సేన లోపలికి చొరబడినప్పుడు. ఆ క్యాంప్‌బెల్ క్రిమియాలో రాగ్లాన్ కింద హైలాండర్లనే స్కాట్లండు సైనికులను నడిపినవాడే. ఎముకలను ఫొటో కోసమే బయటికి తీయించారని అప్పటి ఆంగ్లేయ అధికారి ఒకరు రాశారు.

మూడేళ్ల తేడాలో కెమెరా మారలేదు, గాజు మారలేదు. బ్రిటిష్ సైనికుడి శవాన్ని చూపడానికి మొగమాటపడిన ఆ రంగం, మన సిపాయి అస్థికలను చూపడానికి మొగమాటపడలేదు. రాగ్లాన్ ఫొటోలోని మర్యాద గురించి మాట్లాడేటప్పుడు ఇది నా గుండెలో గుచ్చుకుంటుంది. కాబట్టి దాన్ని తీసేయకండి, పక్కన ఈ లక్నో ఫొటో కూడా పెట్టండి.

గాజుపలక:

లక్నో ఫొటోకు ఈ వ్యాసంలో చోటు లేదు, దానికి విడిగా రాయాలి, రాస్తాను. రోగులను ఓడలెక్కిస్తున్న సింప్సన్ చిత్రాన్ని మాత్రం రాగ్లాన్ ఫొటో కిందే, అంతే పరిమాణంలో పెడుతున్నాను. తూర్పుకోట గారు రాగ్లాన్ ఫొటో మొదట్లో ఉండకూడదంటారని తెలుసు, ఆ విషయంలో నా నిర్ణయం మారలేదు. పాత శీర్షికను వ్యాసం లోపల చర్చిస్తాను. ఫొటో కింద ఇలా ఉంటుంది: "రాగ్లాన్, ఒమర్ పాషా, పెలిస్సియే. 1855 జూన్ 7 ఉదయం, సెవాస్తోపోల్ ఎదుట, సాయంత్రపు దాడి ఫలితం తెలియక ముందు."