‘పంచమ’ అంటే ఎన్నోది? దేనికి?

ప్రశ్న: మా ముత్తాత నాటి క్రయ దస్తావేజు టైపు చేస్తున్నాను. 1912, గుంటూరు జిల్లా. కొన్నవారి పేరు పక్కన ‘పంచమ, వ్యవసాయం’ అని ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు మనం మాలలం అంటారు. నా సర్టిఫికెట్‌లో ‘ఆది ఆంధ్ర’. ఈ మూడూ ఒకటేనా? పంచమ అంటే అయిదోది కదా, దేనికి అయిదు?

— నాలుగు వర్ణాల తర్వాత అయిదు అని. చిత్రమేమిటంటే ఆ అయిదోది లేదని మనువే అన్నాడు. మనుస్మృతి పదో అధ్యాయం, నాలుగో శ్లోకం చివర చూడండి: ‘నాస్తి తు పంచమః’. లేదన్న వర్ణానికి పేరు పెట్టి మరీ దస్తావేజుల్లో రాసుకున్నారు మనవాళ్లు.

— మాట అంత కొత్తదేం కాదండీ. వేదంలోని ‘పంచజనాః’కు నాలుగు వర్ణాలూ, అయిదోవాడు నిషాదుడూ అని ఔపమన్యవుడనే పాత పండితుడి అభిప్రాయంగా యాస్కుడు, వేద పదాలకు అర్థాలు చెప్పే నిరుక్తంలో రాశాడు.

— మాట పాతదే, కాదనను. కానీ మాల మాదిగలకు అది అంటుకున్న దారి వేరు. ఊళ్లో ఎవరూ ‘పంచముడా, ఇటు రా’ అని పిలిచి ఉండరు. మాలోడు, మాదిగోడు అనే పిలిచారు, ఇళ్లను మాలపల్లె, మాదిగగూడెం అనే అన్నారు. పంచమ కాగితం మీది మాట. మద్రాసు ప్రభుత్వం ‘పంచమ పాఠశాలలు’ అంటూ రాయడం 1890లలో బాగా పెరిగింది. విడివిడి కులాలను ఒకే గాటన కట్టడానికి ఆఫీసువాళ్లకు అది పనికొచ్చింది. మీ దస్తావేజు రాసినాయన కలంలోకీ అలాగే దిగి ఉంటుంది.

ఇక ఆది ఆంధ్ర. ఇది పైవాళ్లు పెట్టిన పేరు కాదు, అందుకే నాకు దీని మీద కాస్త మక్కువ. 1917 నవంబరులో బెజవాడలో ‘ప్రథమాంధ్ర పంచమ మహాసభ’ అని పిలుపు వెళ్లింది. హైదరాబాదు నుంచి దళిత నాయకుడు భాగ్యరెడ్డి వర్మ వచ్చి అధ్యక్షత వహించారు. ఆయన మొదటి అభ్యంతరమే సభ పేరు మీద. మేం ఈ నేలకు మొదటివాళ్లం, మమ్మల్ని అయిదోవాళ్లని ఎందుకంటారు అన్నది ఆయన వాదన సారాంశం. ఆ సభ అక్కడే ఆది ఆంధ్ర మహాసభ అయింది. ఆఖరి వరసలో నిలబెట్టినవాళ్లు అంకె మార్చమని అడగలేదు, లెక్కే తిరగేశారు. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా పంచమ, పరయ అన్న మాటల బదులు ఆది ద్రావిడ, ఆది ఆంధ్ర అని రాయాలని ఉత్తర్వు ఇచ్చింది. నిజాం రాజ్యంలో మాత్రం వాడుకలోకి వచ్చింది ‘ఆది హిందూ’. 1931 జనాభా లెక్కల్లో కనిపిస్తుంది.

— అయితే మాలలే ఆది ఆంధ్రులా?

— ఆ రోజుల్లో మాలలకూ మాదిగలకూ కలిపి పెట్టుకున్న పేరు అది. తర్వాత అదీ ఒక కులమై కూర్చుంది. ఇప్పటి షెడ్యూల్డ్ కులాల జాబితా తీయండి, మొదటి పేరే ఆది ఆంధ్ర. మాల, మాదిగ వేరే వరుసల్లో ఉంటాయి. 1922లో వద్దన్న ‘పంచమ’ కూడా అందులో భద్రంగా ఉంది! 2000లో ఎస్సీ రిజర్వేషన్లను ఎ, బి, సి, డి వర్గాలుగా పంచే వర్గీకరణ చట్టం వచ్చినప్పుడు మాదిగ బిలోకి, మాల సిలోకి, ఆది ఆంధ్ర డిలోకి వెళ్లాయి. ఒకే పెద్దమనిషి మనవలు సర్టిఫికెట్‌లో ఏం రాయించుకున్నారన్న దాన్ని బట్టి రెండు వర్గాల్లో తేలే అవకాశం అప్పట్లో ఉండేదన్నమాట. మీ ఇంట్లో మూడు పేర్లు ఉండటంలో వింతేమీ లేదు.

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. ఇంకో సంగతి. అమ్మినాయన పేరు చివర ‘గారు’ ఉంది, మా ముత్తాత పేరు చివర ‘గాడు’ ఉంది. డబ్బిచ్చి కొన్నది ఈయన. టైపు చేసేటప్పుడు ఆ గాడు తీసేయనా?

— తీయకండి. పంచమ కూడా మార్చకండి. కాగితంలో ఉన్నది ఉన్నట్టు రాసి, మీరు రాసే ముందుమాటలో మాత్రం ఆయన్ని మీకు నచ్చినట్టు పిలుచుకోండి. వీలైతే స్కాన్ ఇక్కడ పెట్టండి, పేర్లూ సర్వే నంబరూ కనపడకుండా.