ఈ ఫోటోలో ఇంజను ఏ కాలం నాటిది?

బెజవాడ మనవడు:
మా తాతయ్య బెజవాడ లోకో షెడ్డులో చేసేవారు. ఆయన ట్రంకుపెట్టెలో ఒక నలుపు తెలుపు ఫోటో దొరికింది. బొగ్గు ఇంజను పక్కన నిలబడి ఉన్నారు. తలకు గుడ్డ, మోచేతుల దాకా మసి. ఇంజను ముందు భాగం కోసుగా ఉంది, దాని మీద నక్షత్రం. వెనక ఒక రైలు పెట్టె ఫోటోలో సగమే పడింది. అది గోదావరి ఎక్స్‌ప్రెస్ అనీ, తాతయ్యే దాని డ్రైవరనీ, ఆ రోజు తానూ ప్లాట్‌ఫాం మీదే ఉన్నాననీ మా నాన్న గట్టిగా చెబుతారు. ఆయన పుట్టింది 1970లో. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కాజీపేట మాస్టారు:
కోసు ముక్కు, నక్షత్రం అంటే డబ్ల్యూపీయే. డబ్ల్యూ బ్రాడ్‌గేజికి, పీ పాసింజరుకి. మొదటి 16 ఇంజన్లు 1947లో అమెరికాలో బాల్డ్విన్ వాళ్లు చేసి పంపినవి. గూడ్సు లాగే డబ్ల్యూజీకి ఈ సోకు లేదు, చదును మొహం. మేం చిన్నప్పుడు వంతెన మీద నిలబడి కావాలని పొగ పట్టించుకునేవాళ్లం. తెల్లచొక్కా పాడైనందుకు ఇంటి దగ్గర తన్నులు వేరే. సరే, టెండరు మీద, అంటే ఇంజను వెనక బొగ్గూ నీళ్లూ మోసే బండి మీద, అక్షరాలేమైనా ఉన్నాయా చూడండి.

బెజవాడ మనవడు:
భూతద్దం పెట్టి చూశానండి. ఇంగ్లీషులో ఎస్, ఆర్. పెట్టె తలుపు పక్కన మూడు నిలువు గీతలు కూడా ఉన్నాయి.

కాజీపేట మాస్టారు:
ఇంకేం, దొరికిపోయింది! ఎస్సార్ అంటే దక్షిణ రైల్వే. అది ఏర్పడింది 1951లో. బెజవాడ డివిజన్ 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వేలోకి వచ్చింది. రంగు మళ్లీ వేసేదాకా పాత అక్షరాలు ఒకటి రెండేళ్లు ఉండిపోయాయనుకున్నా, 1970 దాకా రాదు. మూడు గీతలంటే మూడో తరగతి, అది 1974లో రద్దయింది. గోదావరి ఎక్స్‌ప్రెస్ మొదలైందే 1974లో. మీ నాన్నగారికి మెల్లగా చెప్పండి.

బొగ్గు నలుసు:
నాదొక మాట. మా నాన్న ఫైర్‌మన్. తలగుడ్డ, ఆ చేతులు చూస్తే మీ తాతగారు అప్పటికి డ్రైవరు కాదనిపిస్తోంది. బొగ్గంతా పారతో పొయ్యిలోకి వెయ్యాల్సింది ఫైర్‌మనే. డ్యూటీ దిగి వస్తే మా అమ్మ బావి దగ్గరే ఆపేది, లోపలికి రానిచ్చేది కాదు. కుంకుడుకాయ రసంతో రుద్దినా గోళ్ల సందుల్లో నలుపు పోయేది కాదు. తర్వాత డ్రైవరై ఉండొచ్చు లెండి, ఆ దారిలోనే పైకొచ్చేవారు. ఫోటోని మాత్రం ఎండ తగిలే గోడకి పెట్టకండి, మాది అలాగే వెలిసిపోయింది.

బెజవాడ మనవడు:
రాత్రి భోజనాల దగ్గర నాన్నకి చెప్పాను. ఫోటో అడిగి తీసుకుని, కళ్లజోడు పైకి నెట్టి చాలాసేపు చూశారు. "మరి నాకు గుర్తున్నది ఇంకో రోజేమోరా. నాన్న నన్నెత్తి ఇంజనులో నిలబెట్టాడు, కూత వెయ్యమన్నాడు" అన్నారు. ఆ రోజు ఫోటో ఎవరూ తియ్యలేదట.