'హెచ్చు నాల్కహాలు నిచ్చి...' తర్వాత ఏమున్నది?

(ప్రతి మాట ముందూ ఉన్నది మాట్లాడేవాళ్ల ఊరు.)

నకిరేకల్: ఎస్టర్ల (ఆమ్లం, ఆల్కహాలు కలిస్తే వచ్చే పండు వాసన పదార్థాల) మీద తెలుగు మీడియం క్లాసుల్లో చెప్పే ఆటవెలది ఒకటి నోట్లో నానుతున్నది, పూర్తిగా వస్తలేదు.

ఆమ్ల మాల్కహాలు నావిరిన్ గాచిన
నెస్ట రొదవు నీటి నిచ్చి తాను
హెచ్చు నాల్కహాలు నిచ్చి...
గాఢ గంధకామ్ల కరుణ చేత

మూడో పాదం చివర పోయింది. 'నిచ్చిన'నా, 'నిచ్చును'నా? ఒకటి రెండు అక్షరాలే, కానీ అర్థం మొత్తం దాని మీదనే ఉన్నది.

జడ్చర్ల: 'నిచ్చిన మేలగు'. ఇక్కడ హెచ్చు అంటే ఎక్కువ. ఇది ద్విగత చర్య, అంటే ముందుకూ వెనక్కూ నడిచేది, పూర్తి కాకుండానే ఆగుతుంది. 60 గ్రాముల ఎసిటికామ్లానికి 46 గ్రాముల ఇథనాల్, అంటే మోలుకు మోలు (రెండింటి అణువులూ సమానంగా) కలిపి ఎంతసేపు కాచినా మూడింట రెండు వంతుల దగ్గరే నిలబడుతుంది. ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్తలు బెర్తెలో, పెయాన్ ద సాంజిల్ 1862లోనే కొలిచి చెప్పిన సంగతి. సమతాస్థితి (చర్య ముందుకూ వెనక్కూ సమానంగా నడిచే స్థితి) స్థిరాంకం సుమారు 4. అదే ఒక మోలు ఆమ్లానికి మూడు మోళ్ల ఆల్కహాలు పోస్తే, లెక్క కట్టి చూడండి, 90 శాతం ఆమ్లం ఎస్టరవుతుంది. పద్యం చెప్పేది ఇదే: హెచ్చు ఆల్కహాలు ఇస్తే మేలు.

దేవరకొండ: కాదు సార్. పద్యంలో ఆ పాదం అసలు పాఠం 'హెచ్చు నాల్కహాలె యిచ్చును చూడగ'. ఈ హెచ్చు హైడ్రోజన్ హెచ్. బయటికి పోయే నీటిలో ఓహెచ్ ఆమ్లానిది, హెచ్ ఆల్కహాలుది. పైపైన చూస్తే అటూ ఇటూ మార్చి కూడా చెప్పవచ్చు కాబట్టే పద్యంలో 'ఆల్కహాలె' అని నొక్కిండ్రు. 1938లో అమెరికా రసాయన శాస్త్రవేత్తలు రాబర్ట్స్, యూరీ ఆక్సిజన్-18 (మామూలు దానికంటే బరువైన ఆక్సిజన్) ఎక్కువగా ఉన్న మిథనాల్‌ను బెంజోయికామ్లంతో కలిపి చూస్తే ఆ బరువు ఆక్సిజన్ ఎస్టర్‌లోనే ఉండిపోయింది, నీటిలోకి రాలేదు. పిల్లలు తప్పు రాసేది సరిగ్గా ఇక్కడే. గుర్తుండాల్సిన ముక్కకే పద్యం కడతారు గాని మోళ్ల లెక్కకు కాదు.

వనపర్తి: ఇద్దరూ సంధి చూడండి. 'ఎక్కువ' అనే అర్థంలో హెచ్చు నామవాచకం. దానికి ఆల్కహాలు పరమైతే మధ్యలో నకారం ఎందుకొస్తుంది? 'హెచ్చును' అని ద్వితీయ అనుకుంటేనే ఆ ద్రుతం (పదం చివరి నకారం) నిలబడుతుంది. కాబట్టి మొదటి నకారం దేవరకొండ అన్న పక్షం. అయితే 'ఆల్కహాలు నిచ్చి'లో రెండో నకారం కూడా ద్రుతమే, అక్కడ ఆల్కహాలు కర్మ కావాలె. అది జడ్చర్ల సార్ పక్షం. 'లు ని' బదులు 'లె యి' అని దిద్దితే ఆ చిక్కు పోతుంది. దిద్దినట్టే కనబడుతుంది కూడా.

జడ్చర్ల: హెచ్చు క్రియ కూడా కదమ్మా. హెచ్చునట్టి ఆల్కహాలు అని తద్ధర్మ విశేషణం (స్వభావం చెప్పే క్రియారూపం) చేస్తే నుగాగమం, అంటే మధ్యలో నకారం, రానే వస్తుంది. 'చేయునతడు' లాగ.

వనపర్తి: హెచ్చునట్టి ఆల్కహాలంటే తనంతట పెరిగే ఆల్కహాలు సార్. మనం పోసేది కాదు.

నాగర్‌కర్నూల్: యతి ఎవరూ పట్టించుకోలేదు. హె–ఇ చెల్లుతుంది, కానీ అసలు అందం ప్రాసయతిది, అంటే రెండో అక్షరం కలవడం: హెచ్చు–ఇచ్చు. వేమన 'చూడ చూడ రుచుల జాడ వేరు' అన్నప్పుడు చూడ–జాడ ఎట్ల అతుకుతుందో ఇదీ అట్లనే.

నకిరేకల్: ప్రాసయతి రెండు పాఠాలకూ సరిపోతున్నది కదన్నా. 'నిచ్చిన', 'యిచ్చును' రెండూ భగణమే (ఒక గురువు, రెండు లఘువులు). ఛందస్సు తీర్పు చెప్పేటట్టు లేదు.

మిర్యాలగూడ: ప్రయోగం చేసేవాళ్లు 'హెచ్చు'ను ఎక్కువ అనే చదువుకుంటే ఒక హెచ్చరిక. ఇథైల్ ఎసిటేట్ 77 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఇథనాల్ 78 దగ్గర. మిగిలిన ఆల్కహాలు స్వేదనంలో (మరిగించి ఆవిరిని చల్లార్చి పట్టేటప్పుడు) ఎస్టర్ వెంటే వస్తుంది. ముందు సోడియం కార్బొనేట్ ద్రావణంతో ఆమ్లాన్ని కడగాలె. వేర్పాటు గరాటును తలకిందులు చేసి, కుళాయి తిప్పి గ్యాస్ వదలకపోతే మూత ఎగురుతుంది. ఆ తర్వాత గాఢమైన కాల్షియం క్లోరైడ్ ద్రావణంతో కడిగితే ఆల్కహాలు అందులోకి పోతుంది. ఈ రెండు కడుగుళ్ల మధ్య ఉప్పు నీళ్లతో ఒకసారి కడగకపోతే మిగిలిన కార్బొనేట్, కాల్షియం కలిసి సుద్దలాంటి తెల్లటి మడ్డి దిగి గరాటు మూసుకుపోతుంది. బోరు నీళ్లు కఠినజలమైతే మొదటి కడుగులోనే ఆ మడ్డి కనబడుతుంది, డిస్టిల్డ్ వాటర్ వాడండి.

దేవరకొండ: క్లాసులో చేసేదానికి ఇవేవీ వద్దు. పరీక్ష నాళికలో గ్లేసియల్ (నీళ్లు కలవని) ఎసిటికామ్లం 1 మి.లీ., ఇథనాల్ 1 మి.లీ., గాఢ సల్ఫ్యూరికామ్లం (పద్యంలోని గంధకామ్లం) కొద్ది చుక్కలు. ఐదు నిమిషాలు వాటర్‌బాత్‌లో ఉంచి, బీకరులో నీళ్లలోకి వంపితే ఎస్టర్ పైకి తేలి పండు వాసన వస్తుంది. వంపకుండా నాళిక దగ్గరే వాసన చూస్తే ఆమ్లం ఘాటు తప్ప ఏమీ తెలియదు. వెనిగర్‌తో చేస్తే అసలే రాదు, అందులో 95 శాతం దాకా నీళ్లే. నీళ్లుంటే చర్య వెనక్కే నడుస్తుంది.

జడ్చర్ల: చూసిండ్రా, మీరే నా దారికొచ్చిండ్రు! నీరు ఎక్కువైతే వెనక్కి, ఆల్కహాలు హెచ్చితే ముందుకి. 'గంధకామ్ల కరుణ' కూడా అదే. కొద్ది చుక్కలైతే అది ఉత్ప్రేరకమే, చర్యకు వేగం ఇస్తుంది గాని సమతాస్థితిని కదపదు. ఎక్కువ పోస్తే నీటిని కూడా పట్టుకుంటుంది. అందుకే కవి 'కరుణ' అన్నడు, 'బలము' అనలేదు.

నాగర్‌కర్నూల్: 'బలము' అంటే గాకు యతి చెల్లదు సార్, క–గ కోసమే కరుణ వచ్చింది.

మహబూబ్‌నగర్: మా వైపు మొదటి పాదం 'ఆమ్ల మాల్కహాలు నగ్గిపై గాచిన' అని విన్న. ఇదీ 'నావిరిన్' లాగ రగణమే (గురువు, లఘువు, గురువు), యతి కూడా సరిపోతున్నది.

మిర్యాలగూడ: 'నగ్గిపై' వద్దన్నా, సరిపోయినా వద్దు. ఇథనాల్ ఆవిరికి మంట తగిలితే నాళిక నోటి దగ్గరే అంటుకుంటుంది. పైగా నేరుగా మంట మీద వేడి 140 డిగ్రీలు చేరితే గంధకామ్లం ఆల్కహాలును ఈథర్ చేస్తుంది, 170 దగ్గర ఇథిలీన్. పిల్లలకు నేర్పే పద్యంలో 'నావిరిన్' అనే ఉండాలె.

మహబూబ్‌నగర్: నేను చెప్పింది విన్న పాఠం గురించి, వండే పద్ధతి గురించి కాదు. 'నావిరిన్' ఎవరో తర్వాత దిద్దిన పాఠమైతే మూడో పాదం కూడా వాళ్లే దిద్ది ఉంటరు. పాత నోటుబుక్కు ఉన్నవాళ్లు ఎవరైనా రెండు పాదాలూ ఫొటో తీసి పెట్టండి.