చిల్లంగి (చేతబడి) నింద పడ్డ హీరోయిన్‌కి నిజంగానే ఆ విద్య ఉండొచ్చా?

ధింసా:
అందరికీ నమస్కారం. నేను రాస్తున్న డార్క్ ఫాంటసీ నవల సగం దాటింది. రాజ్యం ఊహాలోకమే గానీ కొండలు మాత్రం మన అనంతగిరి, అరకు కొండలే. హీరోయిన్‌కి వాళ్ళ అమ్మమ్మ నుంచి ఒక విద్య వస్తుంది. ఒకరి ఊపిరి తీసి ఇంకొకరికి పోయగలదు. అంటే ఒకరు బతకాలంటే ఇంకొకరు పోవాలి. రాజ్యంలో ఆ విద్య నిషిద్ధం. పట్టుబడితే మంత్రం పలకకుండా పళ్ళు పీకేసి, ఊరి పొలిమేరలో తగలబెడతారు. తల్లిని అలాగే చంపుతారు. కూతురు పారిపోయి, పెరిగి, అదే విద్యతో తిరిగొస్తుంది.

మొన్న ఆదివారం స్నేహితులకి కొన్ని చాప్టర్లు చదివి వినిపించాను. అంతా విని ఒకామె అంది: "మరి ఊరివాళ్ళు అన్నది నిజమే కదా! ఆ తల్లికి చిల్లంగి ఉంది. చేసింది కూడా. ఇంక వాళ్ళది తప్పెలా అవుతుంది?" అక్కడి నుంచి మాకు తెల్లారేదాకా వాదనే. మన విశాఖకి ఇంత దగ్గరలో చిల్లంగి పేరుతో మనుషుల్ని చంపుతుంటే, నింద పడ్డ ఆడదానికి ఆ విద్య నిజంగానే ఉన్నట్టు నవల రాయొచ్చా? మనసులో ఉన్నది మొహమాటం లేకుండా చెప్పండి.

పెదవాల్తేరు పాఠకుడు:
రాయొచ్చండి, తప్పకుండా రాయాలి. మన తెలుగులో మంత్రం ఎప్పుడూ మగవాడి చేతిలోనే ఉంది. బాలనాగమ్మ కథ చూడండి. మాయల ఫకీరుకి మంత్రాలున్నాయి, సప్త సముద్రాల అవతల చిలకలో ప్రాణం ఉంది. బాలనాగమ్మకి ఏముంది? చెర ఉంది. 1951లో వచ్చిన 'పాతాళ భైరవి'లో కూడా విద్య మాంత్రికుడిది, సాహసం తోట రాముడిది, రాకుమారి మాత్రం ఎత్తుకుపోబడేది. జానపద కథల్లో ఆడదానికి మంత్రాలు వస్తే ఆమె ముసలి రాకాసి అయినా అవ్వాలి, మోహినీ పిశాచి అయినా అవ్వాలి. నొప్పీ, కోపం, తప్పొప్పులూ ఉన్న మామూలు ఆడపిల్ల చేతికి ఆ శక్తి ఇవ్వాలని ఇన్నాళ్ళకి ఒకరు కూర్చుని రాస్తుంటే, దాన్ని ఆపే వాదనలు నాకు నచ్చవు.

'పాతాళ భైరవి' చూసి ఎవరూ పక్కింటివాణ్ణి మాంత్రికుడని కొట్టలేదు. పాఠకుడికి కథకీ బతుక్కీ తేడా తెలుసు.

పాడేరు మాస్టారు:
నేను ఏజెన్సీలో చాలాకాలం పిల్లలకి చదువు చెప్పాను. ఇప్పుడు పెందుర్తిలో ఉంటున్నాను. పెదవాల్తేరు గారూ, కథకీ బతుక్కీ తేడా నగరంలో తెలుస్తుంది. కొండ మీద ఆ తేడా చాలా సన్నం.

చిల్లంగి ఎలా మొదలవుతుందో చెప్తాను. ఒక ఇంట్లో బిడ్డ పోతాడు. ఏడాది తిరక్కుండా ఇంకో బిడ్డకి జ్వరం. ఊళ్ళో ముహూర్తాలూ లెక్కలూ చూసే దిసారి దగ్గరికి వెళ్తారు. ఆయన లెక్క చూసి "మీ వాళ్ళలోనే ఎవరో పెట్టారు" అంటాడు. పేరు చెప్పకపోయినా పరవాలేదు, ఊరికి ముందే ఒక పేరు అనుమానంలో ఉంటుంది. భూమి తగాదా ఉన్న చిన్నాన్న కావచ్చు, పిల్లల్లేని విధవ కావచ్చు, నాటుమందు ఇచ్చే ముసలాయన కావచ్చు. ఇక్కడ మగవాళ్ళ మీదా ఈ నింద పడుతుంది, పేపర్లు చూస్తే తెలుస్తుంది. ఆ తర్వాత పంచాయితీ, తప్పు ఒప్పుకోమని కొట్టడం. కొన్నిసార్లు రాత్రికి రాత్రే కత్తి.

మా వీధిలోకి అలా కొండ దిగి వచ్చేసిన కుటుంబం ఒకటి ఉంది. ఆ పెద్దావిడని చూడండి, ఎవరి పిల్లాడైనా అన్నం తింటుంటే మొహం అవతలికి తిప్పేసుకుంటుంది. ఒకసారి మా మనవడు మెట్ల మీద జారిపడ్డాడు. ఆవిడ రెండడుగుల దూరంలోనే ఉంది. లేవదీయలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, "బాబూ ఎవరైనా రండి" అని కేకలు పెట్టింది. నేను పరిగెత్తి వెళ్ళేసరికి ఆ చేతులు ఇంకా వెనకే ఉన్నాయి. పిల్లాడికి రేపు జ్వరం వస్తే ఎవరి పేరు వస్తుందో ఆవిడకి తెలుసు.

ధింసా గారూ, మీ నవల ఆవిడ గురించి ఏం చెప్తోంది? ఆ చేతుల్లో నిజంగానే ఏదో ఉందని చెప్తోంది. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. కానీ కథ చెప్పేది అదే.

రాత్రి డ్యూటీ:
నేను నర్సుని. మాస్టారు చెప్పినదానికి ఒక ముక్క కలుపుతాను. ఒకే ఇంట్లో పిల్లలు వరసగా జబ్బుపడటం వెనక కొన్నిసార్లు సికిల్ సెల్ ఉంటుంది, అంటే ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి వంగిపోయే వంశపారంపర్య జబ్బు. తల్లిదండ్రులిద్దరిలోనూ ఆ జన్యువు ఉంటే, పైకి ఇద్దరూ బాగానే కనిపిస్తారు. ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక బిడ్డ ఆరోగ్యంగా ఉంటాడు, ఇంకొకడు ఎముకల నొప్పులతో అర్ధరాత్రి కేకలు పెడతాడు. ఊపిరితిత్తుల మీద పడితే గాలి అందక గిలగిల్లాడిపోతాడు. దానికి తోడు వానాకాలంలో మలేరియా.

అందుకే ఈ నవల్లో ఊపిరి లాగేసే విద్య అని చదవగానే నాకు గుండె ఆగినంత పనైంది. ఊరివాళ్ళు నిందితుల మీద వేసే మాట అచ్చంగా అదే. "నా బిడ్డ ఊపిరి ఆవిడ లాగేసింది." నిజానికి ఆ ఊపిరి లాగింది రక్తకణం ఆకారం. ఆ తల్లికి ఈ ముక్క ముందే చెప్పి, రక్తపరీక్ష చేయించి ఉంటే, ఒక ముసలామె బతికి ఉండేది. ఇలాంటి చోట విద్య నిజమని రాయడానికి నాకు మనసొప్పదు. వేరే శక్తి ఏదైనా ఇవ్వండి. నిప్పు ఇవ్వండి, గాలి ఇవ్వండి, నీడలతో మాట్లాడే శక్తి ఇవ్వండి. ఊపిరి వద్దు.

పెదవాల్తేరు పాఠకుడు:
మాస్టారు గారు రాసింది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. అయినా నా మాట మీదే ఉన్నాను.

ఈ గొడవ మనకి కొత్త కాదు. యండమూరి గారి చేతబడి నవల 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు జనం వారం వారం కాచుకుని కూర్చుని చదివారు. అందులోని క్షుద్రశక్తి కాష్మోరా అన్న మాట ఇంటింటికీ తెలిసింది అప్పుడే. ఆ నవల గంజాయి దమ్ము అని రంగనాయకమ్మ గారు గట్టిగా విమర్శ రాశారు. మూఢనమ్మకాన్ని సొమ్ము చేసుకోవడమేనన్నది ఆవిడ వాదన. నేను రెండూ చదివాను. విమర్శలో బలం ఉంది. అయితే దానికి మందు ఇంకో పుస్తకం రాయడమే గానీ, మొదటి పుస్తకాన్ని రాయొద్దనడం కాదు. చిల్లంగి హత్యలు ఆపాల్సింది ఆస్పత్రి, చట్టం, బడి. ఛత్తీస్‌గఢ్‌లో 2005లో, ఒడిశాలో 2013లో మంత్రగత్తె ముద్ర వేయడాన్నే శిక్షించే చట్టాలు వచ్చాయి. జార్ఖండ్‌లో ఇంకా ముందే, 2001లో. ఆ పని నవలా రచయిత్రి నెత్తిన పెడితే ఎలా?

ఎంవీపీ మూడో సెక్టార్:
నేను డిగ్రీ చదువుతున్నాను, ఫోన్లో సీరియల్ నవలలు తెగ చదువుతాను. ఇక్కడ పెద్దవాళ్ళంతా ఆ విద్య ఉండాలా వద్దా అని మాట్లాడుతున్నారు గానీ, అసలు మాలాంటివాళ్ళు అలాంటి హీరోయిన్ కోసం ఎందుకు వెతుక్కుంటామో ఎవరూ అడగలేదు.

రాత్రి ఎనిమిదికి కాంప్లెక్స్ దగ్గర బస్సు దిగి ఇంటికి నడిచేటప్పుడు నాకుండే టెన్షన్ అబ్బాయిలకి చెప్తే అర్థం కాదు. ఎవరైనా చెయ్యి వేస్తే, వాడి ఊపిరి ఆగిపోయేలా చూడగలిగే అమ్మాయి ఒకతి కథలోనైనా ఉండాలనిపిస్తుంది. అదీ "మంచి" శక్తి కాకూడదు. దేవుడిచ్చిన వరం, పుణ్యం కొద్దీ వచ్చిన మహిమ, అవన్నీ మళ్ళీ మంచి అమ్మాయిలకే ఇస్తారు. ఇది నిషిద్ధం కాబట్టే కావాలి. నర్సు గారూ, మీరు చెప్పింది కొట్టిపారేయలేను, కానీ ఊపిరి తీసేసి నీడలు పెడితే ఆ కథకి భయం పోతుంది. ఒకరిని బతికించడానికి ఇంకొకరిని చంపాలా అన్నదే కదా అందులో నలిపేసే ప్రశ్న.

కంచరపాలెం కథలు:
అమెరికాలో సేలం ఊళ్ళో 1692లో మంత్రవిద్య నేరం మీద 19 మందిని ఉరి తీశారు. అక్కడ నేరం ఒప్పుకున్నవాళ్ళు బతికారు. ఉరికంబం ఎక్కింది, "మాకే పాపం తెలియదు, ఆ విద్య మాకు రాదు" అని ఆఖరి వరకూ నిలబడ్డవాళ్ళు. ఒక్క అబద్ధం ఆడితే ప్రాణం దక్కేది, ఆడలేదు. యూరప్‌లో ఆఖరి శిక్షల్లో ఒకటిగా చెప్పే స్విట్జర్లాండ్ కేసు 1782 నాటిది. అంటే పాశ్చాత్యులు నిషిద్ధ మంత్రం ఉన్న హీరోయిన్‌ని తీరిగ్గా ఊహించుకునేసరికి, వాళ్ళ ఊళ్ళలో ఆ చంపడాలు ఆగి ఎన్నో తరాలు గడిచాయి. మనకి ఆ దూరం రాలేదు. అరకు రైలెక్కితే నాలుగైదు గంటలు.

కాబట్టి నా ఓటు మాస్టారి వైపు. కానీ విద్య తీసేయమని అనను. హీరోయిన్‌కి విద్య ఉంచండి. ఊపిరి విద్యే ఉంచండి. కానీ ఊరు పట్టుకునేది ఆమెని కాదు, ఆమె తల్లినీ కాదు. ఏ విద్యా రాని ఒక ముసలామెని పట్టుకుంటారు. చేసింది హీరోయిన్. పళ్ళు పీకేది ఆ ముసలామెకి. హీరోయిన్ గుంపులో నిలబడి చూస్తోంది. నోరు విప్పితే తను చస్తుంది, విప్పకపోతే ఆమె చస్తుంది. ఒకరి ఊపిరి ఇంకొకరికి అన్న మీ విద్య అక్కడ మంత్రం లేకుండానే జరిగిపోతుంది. ఊరి అనుమానం ఎంత గుడ్డిదో చెప్పడానికి వేరే ఉపన్యాసం అక్కర్లేదు. నిజంగా విద్య ఉన్న మనిషి పక్కనే నిలబడి ఉన్నా వాళ్ళు గుర్తుపట్టలేరు. వాళ్ళకి కావలసింది ఒంటరి మనిషి, అంతే.

రాత్రి డ్యూటీ:
ఇది నాకు బాగుంది. ఒక్కటి మాత్రం. ఆ ముసలామె ఊరికే చావడానికి పుట్టిన పాత్ర కాకూడదు. ఆమెకి ఇల్లుండాలి, కోళ్ళుండాలి, ఎవరితోనో పాత తగువుండాలి. ఆమె భూమి మీద ఎవరి కన్ను ఉందో పాఠకుడికి ముందే తెలియాలి.

పాడేరు మాస్టారు:
కంచరపాలెం గారి దారి మంచిదే. ఇంకో రెండు మాటలు. దిసారిని విలన్ చేయొద్దు. ముహూర్తం పెట్టేది, పంటల పండగ చెప్పేది, పసరు మందు ఇచ్చేది కూడా ఆయనే. ఆస్పత్రి దూరమైనచోట జనానికి దగ్గరున్నది ఆయనే. నగరం నుంచి రాసేవాళ్ళు కొండ మీద మనుషులంతా మూఢులు అన్నట్టు రాస్తారు, అది ఇంకో నింద. చిల్లంగి నమ్మని కొండవాళ్ళు, నింద పడ్డవాళ్ళని రాత్రికి రాత్రి ఇంట్లో దాచి బస్సెక్కించినవాళ్ళు నాకు తెలుసు. వాళ్ళు లేకపోతే మా వీధిలో ఆ కుటుంబమే ఉండేది కాదు. జార్ఖండ్‌లో చుట్నీ మహతో అనే ఆవిడకి 2021లో పద్మశ్రీ ఇచ్చారు. ఆవిడ మీదా మంత్రగత్తె అన్న ముద్ర వేశారు. తర్వాత అలాంటి ముద్ర పడ్డ ఎందరినో ఆవిడే కాపాడింది. మీ కథలో అలాంటి మనిషికీ చోటుండాలి.

రెండోది, పళ్ళు పీకే సీను. అది మీరు కల్పించింది కాదు, మన తెలుగు నేల మీద చేతబడి నెపంతో మనుషులకి చేసిందే. సరదా పడి రాయొద్దు. రాస్తే, ఆ మర్నాడు ఆ మనిషి గంజి ఎలా తాగిందో కూడా రాయండి.

ధింసా:
అందరికీ కృతజ్ఞతలు. విద్య తీసేయను. ఎంవీపీ చెల్లి అడిగిన కోపం నాక్కూడా కావాలి. ఊపిరి కూడా ఉంచుతున్నాను. నర్సు గారికి ఇది నచ్చదని తెలిసే ఉంచుతున్నాను, కానీ ఆవిడ చెప్పిన జబ్బు కథలోకి వస్తుంది. రాజ్యంలో ఒక ఇంట్లో ముగ్గురు పిల్లల్లో ఒకడికి ఊపిరి అందదు. దానికీ హీరోయిన్‌కీ సంబంధం ఉండదు. ఊరు ఆ చావునే ముసలామె మీద మోపుతుంది. హీరోయిన్ నిజంగా చేసిన చావుని మాత్రం అందరూ దేవుడి పిలుపు అనుకుంటారు. తల్లిని చంపే చాప్టరు మొత్తం మారుతుంది. తల్లికి విద్య రాదు. అమ్మమ్మ నుంచి నేరుగా మనవరాలికే వస్తుంది. తల్లి ఏమీ తెలియకుండానే, ఏమీ చేయకుండానే పోతుంది.

కొండల పేర్లూ, చిల్లంగి అన్న మాటా నవల్లో వాడాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

పెదవాల్తేరు పాఠకుడు:
తల్లికి విద్య తీసేయడం నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. విద్య ఉండి కూడా, కూతురి కోసం దాన్ని వాడకుండా చచ్చిపోయిన తల్లి ఇంకా పెద్ద పాత్ర అయ్యేది. ఉన్నా సరే చంపే హక్కు ఊరికి లేదు అన్న మాట అప్పుడు గట్టిగా పలికేది. మీ కొత్త కథలో ఊరిది తప్పు ఎందుకంటే, వాళ్ళు తప్పు మనిషిని పట్టుకున్నారు కాబట్టి. రేపు సరైన మనిషినే పట్టుకుంటే? హీరోయిన్‌నే పట్టుకుంటే? అప్పుడు చంపడం ఒప్పవుతుందా? ఆ ప్రశ్నని మీరు దాటేస్తున్నారు. చివరి చాప్టర్లలోనైనా ఊరు ఆమెని పట్టుకోవాలి. ఆమె అన్నీ చేసిందని అందరికీ తెలియాలి. అప్పుడు కూడా ఆ నిప్పు అన్యాయమే అని పాఠకుడికి అనిపించేలా రాయండి.

పాడేరు మాస్టారు:
ఈ మాటకి నేనూ ఒప్పుకుంటున్నాను. కొండ పేరు మాత్రం పెట్టకండి.