నర్సింగ్ సీటొచ్చింది, తాళి గాజులు తీసేయాలా?

అందరికీ నమస్తే. టెక్సస్‌లో ఫ్రిస్కో వచ్చి ఏడాదిన్నర అయింది, హెచ్‌4 (ఇక్కడ ఉద్యోగం చేసే భర్తతో వచ్చే డిపెండెంట్ వీసా) మీద ఉన్నాను. అనాటమీ, మైక్రోబయాలజీ అయిపోయాయి. ఆగస్టు నుంచి కమ్యూనిటీ కాలేజీలో ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) కోర్సు. క్లినికల్స్‌కి, అంటే ఆసుపత్రిలో చేసే ప్రాక్టికల్స్‌కి, నగలు వద్దని హ్యాండ్‌బుక్‌లో ఉంది. తాళి, గాజులు కూడానా? అత్తగారు మాతోనే ఉంటారు, అందుకే అడుగుతున్నా.

ఇర్వింగ్ అక్క:
తాళి సంగతి తర్వాత చెల్లెమ్మా, ముందు టీబీ టెస్టు చేయించుకున్నావా? నాకు క్లినిక్‌లో ముంజేతికి స్కిన్ టెస్టు వేశారు. రెండో రోజుకి రూపాయి బిళ్ళంత గట్టిపడింది. చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేశారమ్మా, దానివల్లే అని భుజం మీద మచ్చ చూపించినా వినకుండా అక్కడి నర్సు పాజిటివ్ అని రాసేసింది. ఎక్స్‌రే తీయించుకోమన్నారు. తీయించా, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. కాగితం మీద డాక్టరు సంతకం లేదని కాలేజీ వాళ్ల పోర్టల్ తిప్పికొట్టింది. మళ్లీ క్లినిక్‌కి పరిగెత్తితే సంతకం పెట్టాల్సినావిడ లంచ్‌కి వెళ్లింది. శుక్రవారం 5 గంటలకి గడువు, నేను ఎక్కించింది 5.20కి. వెయిటింగ్ లిస్టులో అమ్మాయికి నా సీటిచ్చేశారు. జనవరి దాకా ఇంట్లో కూర్చున్నా. అందుకని టీబీకి క్వాంటిఫెరాన్ రక్తపరీక్షే అడుగు, దానికి బీసీజీతో పేచీ లేదు. హెపటైటిస్ బి టీకా కూడా ఇవాళే మొదలుపెట్టు, మూడు డోసులకి ఆరు నెలలు పడుతుంది.

ప్లేనో:
అక్కా, ఆరు నెలలు మీ రోజుల్లో. ఇప్పుడు హెప్లిసావ్ అనే టీకా ఉంది, నెల తేడాతో రెండు డోసులు, అంతే. ఇంకోటి, కాలేజీ వాళ్ల డ్రగ్ టెస్టుకి ముందు వారం కూరల్లో గసగసాలు మానేయండి. నల్లమందు వచ్చేది ఆ మొక్క నుంచే.

ఆస్టిన్:
అదంతా పాత భయమండీ. గసగసాల గొడవ వల్లే 1998లో పాజిటివ్ అనే హద్దు మిల్లీలీటరు మూత్రానికి 300 నానోగ్రాముల నుంచి 2000కి పెంచారు.

ప్లేనో:
పెంచింది ఫెడరల్ ప్రభుత్వ పరీక్షలకి. ప్రైవేటు ల్యాబు 300 పెట్టుకుంటే అడిగేదెవరు? 2023లో పెంటగాన్ సైనికులనే గసగసాలకి దూరంగా ఉండమంది. మీ మాట నమ్మి గసగసాల మటన్ తిని ఆవిడ సీటు పోతే మీరిస్తారా?

ఆస్టిన్:
నేను తిన్నాను, పాసయ్యాను.

ఇర్వింగ్ అక్క:
పాపం ఆ అమ్మాయి అడిగింది గాజుల గురించి.

హ్యూస్టన్, వార్డు నర్సు:
గాజులు తీయాల్సిందే. చేతులు మణికట్టు పైదాకా కడుక్కోవాలి, గాజుల కింద మురికి ఆగుతుంది. సూత్రాలు చిన్న గొలుసుకి గుచ్చి స్క్రబ్స్ (ఆసుపత్రి యూనిఫాం) లోపల వేసుకున్నా, మా ఇన్‌స్ట్రక్టర్ ఏమీ అనలేదు. మీరు మీ ఇన్‌స్ట్రక్టర్‌ని మొదటి వారమే అడగండి. పొడుగు నల్లపూసలు మాత్రం వద్దు. మతి స్థిమితం లేని ఒక తాతగారు నా గొలుసు పిడికిట్లో పట్టుకుని వదల్లేదు, ఇద్దరొచ్చి వేళ్లు విడదీశారు. గోరింటాకుకి నన్నెవరూ ఏమీ అనలేదు, జెల్ గోళ్లకి ఇంటికి పంపారు. వార్డులో మన తెలుగాయన కనిపిస్తే ఇంటికొచ్చి మీ ఆయనకి కూడా చెప్పకండి, రోగి వివరాలు బయటపెట్టకూడదనే హిపా చట్టం ఉంది. ఆయన కాగితాలు చదివిపెట్టమన్నా ఆసుపత్రి అనువాదకుణ్ణే పిలిపించండి. ఈఏడీ (ఉద్యోగ అనుమతి కార్డు) లేకుండా నర్స్ టెక్‌గా, అంటే నర్సులకి సహాయకురాలిగా జీతానికి, చేరొద్దు. హెచ్‌4కి చదువుకి అభ్యంతరం లేదు, జీతానికే.

అడిగిన ఆవిడ:
చాలా థ్యాంక్స్. క్వాంటిఫెరాన్‌కి గురువారం అపాయింట్‌మెంట్ దొరికింది. కానీ డ్రగ్ టెస్టు ఎల్లుండే, నిన్న రాత్రి కోడికూరలోకి అత్తగారు గసగసాలు నూరారు. తేదీ మార్చమని అడగొచ్చా?