షికాగో అగ్నిప్రమాదాల మీద పుస్తకాలు: ఏది ముందు చదవాలి?

అడయారు పాఠకురాలు (ప్రశ్న):

చెన్నైలో మేము కొందరం తెలుగువాళ్లం నెలకొకసారి కలుసుకుని, అందరం చదివి వచ్చిన ఒక పుస్తకం గురించి మాట్లాడుకుంటూ ఉంటాము. రాబోయే మూడు సమావేశాలకూ ఒకే నగరాన్ని తీసుకుందామన్న ఆలోచన వచ్చినప్పుడు షికాగో పేరు తేలికగానే ఖాయమయింది. మాలో ఇద్దరి పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. వివేకానందుని పుణ్యమా అని ఆ ఊరి పేరు మనలో తెలియనివారు లేరు. తీసుకున్న అంశం అక్కడి అగ్నిప్రమాదాలు.

1871 అక్టోబరు 8వ తేదీ రాత్రి అంటుకుని 10వ తేదీ దాకా మండిన మంటల్లో సుమారు 17,500 కట్టడాలు బూడిదయ్యాయనీ, దాదాపు 300 మంది మరణించారనీ, లక్షమందికి నిలువ నీడ లేకుండా పోయిందనీ ఏ పుస్తకం తెరిచినా ఉంటుంది. ఓలియరీ అనే ఐరిష్ ఆవిడ పాలు పితుకుతుండగా ఆవు లాంతరును తన్నిందన్న కథ కూడా అంతే ప్రసిద్ధం. అయితే, మంటల వర్ణనతో పేజీలన్నీ నింపి, చివరి అధ్యాయంలో నగరం మళ్లీ లేచి నిలబడిందని సంబరపడి ముగించే పుస్తకాలు నాకు విసుగు పుట్టించాయి. ఎవరి ఇల్లు కాలింది, వారిలో ఎవరు తిరిగి కట్టుకోగలిగారు, ఆవు కథ ఇంతకాలం ఎందుకు నిలిచింది అన్న సంగతులు చెప్పే పుస్తకం కావాలి. 1903 నాటి ఇరాక్వాయ్ థియేటరు ప్రమాదాన్నీ, 1958 నాటి పాఠశాల ప్రమాదాన్నీ ఇదే వరుసలో చదవవచ్చునా అన్నది రెండో ప్రశ్న. మాలో కొందరికి ఇంగ్లీషు నవలలు అలవాటే గాని, విశ్వవిద్యాలయాల శైలి అంటే భయం ఉన్నదని కూడా మనవి చేస్తున్నాను.

జార్జిటౌన్ వకీలు:

నేను భూముల దస్తావేజులు పరిశీలించే వకీలును, కనుక నా సిఫారసులో కొంత పక్షపాతం ఉంటుంది. రిచర్డ్ బేల్స్ 2002లో ప్రచురించిన, ఆవు కట్టుకథ మీదనే పేరు పెట్టిన పుస్తకంతో మొదలుపెట్టండి. ఆయన చరిత్ర అధ్యాపకుడు కాడు. భూమి హక్కులకు బీమా ఇచ్చే సంస్థలో పనిచేసిన న్యాయవాది. 1871 మంటల్లో న్యాయస్థానపు భవనంతో పాటు నగరంలోని భూముల రికార్డులన్నీ కాలిపోయాయి. ఆస్తుల చరిత్రను ఎత్తి రాసి పెట్టుకునే కొన్ని ప్రైవేటు సంస్థలు తమ పుస్తకాలను కొంతవరకు బయటికి చేరవేయగలిగినందువల్లనే, ఏ స్థలం ఎవరిదో ఆ తర్వాత తేల్చడం సాధ్యమయింది. ఈసీ (ఒక ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే పత్రం) కోసం సబ్‌రిజిస్ట్రారు కార్యాలయం చుట్టూ తిరిగినవారికి దాని విలువ నేను వేరే చెప్పనక్కరలేదు.

బేల్స్ ఆ పాత భూమి పత్రాలను ముందు పెట్టుకుని ఓలియరీలు ఉండిన డికోవెన్ వీధిలో ఏ ఇల్లు ఎక్కడ ఉండేదో తిరిగి గీశాడు. పోలీసు, అగ్నిమాపక అధికారుల సంఘం 1871 నవంబరు, డిసెంబరు నెలల్లో 50 మంది సాక్షులను విచారించి, వెయ్యికి పైగా చేతిరాత పేజీల వాంగ్మూలం నమోదు చేసింది. దాన్ని ఆయన ఆ పటంతో సరిపోల్చి చూశాడు. మంటలను మొదట చూశానని చెప్పిన డేనియల్ సలివన్ అనే పొరుగువాడు తాను కూర్చున్నానన్న చోటు నుంచి ఓలియరీల పశువుల కొట్టం కనబడే వీలే లేదనీ, మధ్యలో మరొక ఇల్లు అడ్డం ఉన్నదనీ ఆయన వాదం. సలివనే కారకుడన్న ఆయన అనుమానాన్ని అందరూ ఒప్పుకోలేదు, నాకూ అది పూర్తిగా రుజువైనట్టు అనిపించదు. కానీ ఒక సాక్ష్యాన్ని ఎలా పరీక్షించాలో నేర్పడంలో ఈ పుస్తకానికి సాటి లేదు. అప్పటి విచారణ సంఘం మాత్రం నిప్పు పొగగొట్టం నుంచి ఎగిరిన రవ్వ వల్ల పుట్టిందో, మనిషి చేతి వల్ల పుట్టిందో తేల్చలేకపోయామని రాసి ఊరుకుంది. ఓలియరీ ఆవిడ ఆ సమయానికి తాము నిద్రకు ఉపక్రమించామని ప్రమాణం చేసి చెప్పింది. 1895లో ఆమె మరణించింది. నగరపాలక మండలి ఆమెనూ ఆవునూ నిర్దోషులుగా తీర్మానించింది 1997లో.

పెరంబూరు రైల్వే:

వకీలు గారి మాటను గౌరవిస్తూనే విభేదిస్తున్నాను. నిప్పు ఎవరు పెట్టారన్నది ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటె తక్కువ విలువైన ప్రశ్న. జులై నుంచి సరిగా వాన లేదు; ఇళ్లే కాక, వీధుల పక్కన నడిచే దారులు కూడా చెక్కతోనే వేసి ఉన్నాయి; ముందు రోజు రాత్రి మరో పెద్ద మంటతో పోరాడి అగ్నిమాపక దళం అలసిపోయి ఉంది; న్యాయస్థానపు గోపురం మీద కాపలా ఉన్న మనిషి మంట ఏ దిక్కున ఉన్నదో పొరబడి దళాన్ని మరోచోటికి పంపించాడు. ఆవు లేకపోయినా ఆ ఊరు ఏదో ఒక రాత్రి తగలబడేదే. అదే రాత్రి విస్కాన్సిన్‌లోని పెష్టిగో అనే చిన్న ఊరూ, దాని చుట్టుపక్కల అడవులూ కాలి వెయ్యిమందికి పైగా చనిపోయారు. షికాగోలో పోయినవారి కంటే అది ఎన్నో రెట్లు. అయినా దాని మీద పాటలు లేవు, సినిమాలు లేవు. పత్రికలూ తంతి తీగలూ ఉన్న ఊరి కష్టానికే ప్రచారం దొరుకుతుందని దీనివల్ల నాకు అర్థమయింది.

మీరు అడిగిన సంగతులు కేరెన్ సవిస్లాక్ రాసిన ‘స్మోల్డరింగ్ సిటీ’లో ఉన్నాయి. 1995 నాటి పుస్తకం. మంటలు ఆరిన దగ్గర మొదలై 1874 దాకా నడుస్తుంది, దాని బలం అంతా అక్కడే ఉంది. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన దాదాపు 50 లక్షల డాలర్ల విరాళాలను నగరంలోని ధనవంతుల ఆధ్వర్యంలో నడిచే ఒక సహాయ సంఘానికి అప్పగించారు. సహాయానికి అర్హులెవరు, సోమరులెవరు అని ఆ సంఘం ఇంటింటికీ మనుషులను పంపి విచారించింది. స్థలం ఉన్నవాడికి చిన్న ఇల్లు కట్టుకునే సామగ్రి ఇచ్చింది, లేనివాణ్ని బారకాసుల్లోకి, అంటే ఉమ్మడి తాత్కాలిక వసతుల్లోకి, తోసింది. వరద సహాయం కోసం రేషను కార్డు పట్టుకుని వరుసలో నిలబడిన చెన్నై వాసి ఎవరైనా ఆ అధ్యాయాన్ని ఒక్క బిగిన చదువుతాడు.

ఆ తర్వాత వచ్చిన గొడవ ఇంకా ముఖ్యమైనది. అగ్ని భయం లేని నగరం కడతానని చెప్పి మేయరుగా గెలిచిన జోసెఫ్ మెడిల్ ఊరంతటా చెక్క ఇళ్లను నిషేధించాలని చూశాడు. ఇటుకతో కట్టుకోవడానికి స్తోమత లేని ఉత్తర భాగపు జర్మన్ కార్మికులు 1872 జనవరిలో ఊరేగింపుగా నగర మండలి మీదికి వెళ్లారు. వారి భయం న్యాయమైనదే, ఎందుకంటే ఆ నిషేధంతో వారి స్థలం మిగిలినా దాని మీద ఇల్లు లేచేది కాదు. చివరికి నిబంధనను సడలించారు. 1874 జులైలో మరో పెద్ద అగ్నిప్రమాదం జరిగి, ఇక ఈ ఊళ్లో వ్యాపారం చేయబోమని బీమా కంపెనీలు బెదిరించిన తర్వాతనే చెక్క మీద నిషేధం గట్టిపడింది. భద్రత కోసం పెట్టే నియమం బీదవాణ్ని ఊరి బయటికి ఎలా నెడుతుందో ఇంత నిక్కచ్చిగా చూపిన పుస్తకాన్ని నేను మరొకటి చదవలేదు. శైలి కొంచెం బరువే. మొదటి అధ్యాయాన్ని దాటవేసినా నష్టం లేదు.

కోడంబాకం నివాసి:

ఇద్దరూ మంచి పుస్తకాలే చెప్పారు గాని, ఇంగ్లీషు భయపెట్టకూడదని పాఠకురాలు గారు ముందే మనవి చేసుకున్నారు. అందుచేత మొదటి నెలకు కార్ల్ స్మిత్ 2020లో రాసిన ‘షికాగోస్ గ్రేట్ ఫైర్’ సరిపోతుంది. అది సామాన్య పాఠకుల కోసం రాసినది. సవిస్లాక్ చర్చించిన సహాయ సంఘం గొడవలు కూడా సంగ్రహంగా అందులో ఉన్నాయి. ఇదే రచయిత 1995లో రాసిన మరో పుస్తకం ఈ అగ్నిప్రమాదాన్ని 1886లో కార్మికుల సభలో పేలిన హేమార్కెట్ బాంబుతోనూ, రైలు పెట్టెల కంపెనీ యజమాని పుల్మన్ తన కార్మికుల కోసం కట్టించిన ఊరితోనూ కలిపి పరిశీలించి, నగరమంటే పెద్దమనుషులకు పుట్టిన భయాన్ని విప్పి చెబుతుంది. దానిని ఓపిక ఉన్నవారికి వదిలేయండి.

ఆవు కథ ఎందుకు నిలిచిందని అడిగారు కదా. మంటలు ఇంకా ఆరకముందే, అక్టోబరు 9న, ఒక సాయంకాల పత్రిక ఆవు లాంతరును తన్నిందని అచ్చువేసింది. ఐరిష్ కాథలిక్ వలసదారు, పాలమ్ముకునే బీద ఆడది: నిందకు అంతకంటె అనువైన మనిషి ఆ ఊరి పెద్దలకు దొరికేది కాదు. ఆమె ఇల్లు మాత్రం కాలకుండా మిగలడం ఆ నిందకు మరింత ఆజ్యం పోసింది. 1872లోనే ఈ.పి. రో అనే రచయిత ఈ అగ్నికాండను నేపథ్యంగా పెట్టి రాసిన నవల విపరీతంగా అమ్ముడుపోయింది. తర్వాత పిల్లల పాటలు వచ్చాయి. 1938లో విడుదలైన ‘ఇన్ ఓల్డ్ షికాగో’లో ఓలియరీ తల్లి పాత్రకు ఏలిస్ బ్రేడీ ఆస్కారు అందుకుంది, ఆ చిత్రంలో ఆమె కొడుకొకడు ఏకంగా మేయరవుతాడు, అసలు కొడుకేమో జూదగృహాలు నడిపి పేరు మోశాడు. సినిమా వాళ్లకు చరిత్ర ఎప్పుడూ ముడిసరుకేనని కోడంబాకంలో ఉండే నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. అయినా ఆ చిత్రం చివర వచ్చే అగ్నికాండ దృశ్యాల కోసమైనా ఒకసారి చూడవచ్చు.

నగరం ఈ కథను సిగ్గుపడి దాచుకోలేదు, అలంకారంగా ధరించింది. పతాకంలోని నాలుగు నక్షత్రాల్లో ఒకటి ఆ అగ్నికే గుర్తు. 1997లో స్థాపించిన ఫుట్‌బాల్ జట్టుకు దాని పేరే పెట్టారు, ప్రకటించినది కూడా అక్టోబరు 8నే. ఓలియరీల స్థలంలో ఇప్పుడు అగ్నిమాపక శిక్షణాలయం ఉంది. వివేకానందుడు వెళ్లిన 1893 నాటి సందర్భం కూడా ఆ అలంకరణలో భాగమే: కాలిపోయిన 22 ఏళ్లకు తాము ఎంత ఎదిగామో చూపించడానికి జరిపిన ప్రపంచ ప్రదర్శన అది, సర్వమత సభ దానికి అనుబంధం. ప్రదర్శనలో షికాగో దినోత్సవాన్ని అగ్నికాండ వార్షికమైన అక్టోబరు 9నే జరిపితే ఏడు లక్షలకు పైగా జనం వచ్చారు. మీ బృందంలో మొదటి నెల చర్చకు ఈ దారి బాగుంటుందని నా అభిప్రాయం.

అడయారు పాఠకురాలు:

అందరికీ కృతజ్ఞతలు. మొదటి నెలకు కార్ల్ స్మిత్, రెండో నెలకు సవిస్లాక్ అని దాదాపు నిశ్చయించుకున్నాము. వకీలు గారి పుస్తకం నుంచి విచారణ అధ్యాయాలను మాత్రం రెండో నెలలోనే కలుపుతాము. మూడో నెల సంగతి ఇంకా తేలలేదు. థియేటరు ప్రమాదమా, పాఠశాల ప్రమాదమా?

తాంబరం ఉపాధ్యాయిని:

పాఠశాల ప్రమాదమే తీసుకోండి. థియేటరు మీద ఆంథొనీ హాచ్ రాసిన ‘టిండర్ బాక్స్’ మంచి పుస్తకమే. 1903 డిసెంబరు 30న, తెరిచి ఐదారు వారాలైనా కాని, అగ్ని భయం ఏ మాత్రం లేదని ప్రకటనలిచ్చిన ఆ హాలులో, మ్యాటినీకి వచ్చిన పిల్లలూ తల్లులూ సహా 602 మంది చనిపోయారు. మంటలను వేదిక దాటకుండా ఆపవలసిన ఆస్బెస్టాస్ తెర మధ్యలో ఇరుక్కుపోయింది. బయటికి వెళ్లే తలుపులు కొన్ని తాళాలు వేసి ఉన్నాయి, కొన్నిటి గడియలు తీయడం జనానికి తెలియలేదు. ఎవరికీ శిక్ష పడలేదు. ఇప్పుడు మన మల్టీప్లెక్సుల్లో కూడా కనిపించే, ఒత్తిడి తగలగానే తెరుచుకునే అడ్డకడ్డీ తలుపులు ఆ ప్రమాదం తర్వాత పుట్టినవే. ఇంత ఉన్నా, పుస్తకంగా అది నటుల కథల వైపు కొంచెం ఎక్కువ మొగ్గుతుంది.

డేవిడ్ కోవన్, జాన్ కున్‌స్టర్ కలిసి 1996లో రాసిన ‘టు స్లీప్ విత్ ది ఏంజెల్స్’ అలా కాదు. 1958 డిసెంబరు 1న ఒక కాథలిక్ పాఠశాలలో 92 మంది పిల్లలు, ముగ్గురు సన్యాసినులు చనిపోయారు. ఆ కట్టడం చట్టప్రకారం సక్రమంగానే ఉండటం దానిలోని అసలు ఘోరం. 1949లో చేసిన భద్రతా నియమాలు అంతకు ముందు కట్టిన భవనాలకు వర్తించవన్నారు. చెక్క మెట్లు, స్ప్రింక్లర్లు లేకపోవడం, అగ్నిమాపక కేంద్రానికి అనుసంధానం లేని గంట, అన్నీ అనుమతి ఉన్నవే. 2004 జులై 16న కుంభకోణంలో మధ్యాహ్న భోజనం వండే చోటు నుంచి నిప్పు లేచి, ఆకుల పైకప్పు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయిన తర్వాత తమిళనాడులోని ప్రతి బడిలోనూ పైకప్పుల తనిఖీలు జరిగిన రోజులు మాలాంటివారికి బాగా గుర్తు. ఆ పుస్తకంలో ప్రమాదం జరిగిన గంటల వర్ణన చదవడం చాలా కష్టం, ముఖ్యంగా పిల్లలున్నవారికి. ఆ భాగాన్ని చదవమని ఎవరినీ బలవంతం చేయకండి. విచారణ, ఆ తర్వాత మారిన నియమాల అధ్యాయాలు చాలు, చర్చకు అవే ఎక్కువ పనికొస్తాయి.

జార్జిటౌన్ వకీలు:

అధ్యాయాలుగా విడదీసి చదవడానికి నాకు అభ్యంతరం లేదు. మరో రెండు సంగతులు చెబుతాను. షికాగో చరిత్ర మ్యూజియం, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం కలిసి 1996 నుంచి నడిపిన ఒక వెబ్‌సైటులో ఈ అగ్నికాండను కళ్లారా చూసినవారి కథనాలు, చిత్రాలు, పాటలు ఉచితంగా దొరుకుతాయి. దానికి సంపాదకుడు కూడా కార్ల్ స్మిత్‌గారే. పుస్తకం కొనలేనివారు అక్కడి నుంచి చదువుకుని రావచ్చు. వాటిలో బెస్సీ బ్రాడ్వెల్ అనే పదమూడేళ్ల అమ్మాయి కథనాన్ని తప్పక చదవండి. తల్లి నడిపే న్యాయ పత్రిక చందాదారుల పద్దు పుస్తకాన్ని చంకన పెట్టుకుని ఆమె మంటల్లోంచి బయటపడింది, ఆ పద్దు ఉండబట్టే పత్రిక ఆగలేదు. ఆ తల్లి మైరా బ్రాడ్వెల్‌కు వకీలు పట్టా ఇవ్వడానికి ఆడది అన్న కారణంతో నిరాకరించారు. 1873లో అమెరికా సుప్రీంకోర్టు కూడా ఆ నిరాకరణనే సమర్థించింది.

రెండోది మన ఊరి సంగతి. 1985 మే 30న మూర్ మార్కెట్టు కాలిపోయినప్పుడు పాత పుస్తకాల దుకాణాలూ పోయాయి. ఆ స్థలంలో రైల్వే వారి భవనం లేచింది, ముందు భాగంలో పాత మార్కెట్టు నమూనా ఒకటి పెట్టారు, వ్యాపారులను అల్లికుళం వైపు పంపించారు. సవిస్లాక్ వేసిన ప్రశ్నలన్నీ దీనికీ వేయవచ్చు: ఏ దుకాణానికి పరిహారం అందింది, లైసెన్సు ఎవరి పేర ఉండేది, అద్దెకున్నవాడి గతి ఏమయింది. ఆనాటి దుకాణదారుల్లో, వారి పిల్లల్లో తెలుగువారు ఇంకా దొరుకుతారు కాబట్టి, మీ బృందంలో ఎవరికైనా ఓపిక ఉంటే మూడో సమావేశానికి ఒకరిద్దరిని పిలిపించండి. వారు తెచ్చే పాత రసీదులను, లైసెన్సులను చూసి చెప్పడానికి నేను వస్తాను.